లారీల దారిలో ఊరు

హైదరాబాద్–బీజాపూర్ జాతీయ రహదారి మీద, చేవెళ్ల మండలంలో, ఏడాది తిరక్కుండానే రెండు ఘోర ప్రమాదాలు జరిగాయి. 2024 డిసెంబర్ 2న ఆలూరు దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకునేవాళ్ళ మీదికి లారీ దూసుకుపోయి నలుగురు చనిపోయారు. 2025 నవంబర్ 3 పొద్దున్నే మీర్జాగూడ దగ్గర కంకర లోడు టిప్పర్, ఎదురుగా వస్తున్న ఆర్టీసీ బస్సు ఢీకొన్నాయి. కంకర బస్సులోకి ఒరిగిపడి ప్రయాణికులు దాని కింద కూరుకుపోయారు. 19 మంది ప్రాణాలు పోయాయి. రెండుసార్లూ జనం నోట వచ్చిన మాట ఒకటే: ఈ రోడ్డును నాలుగు వరసలు చెయ్యాలి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల విస్తరణ, దారికి రెండు పక్కలా ఉన్న వందలాది మర్రిచెట్ల మీద నడిచిన కేసుతో ఏళ్ళ తరబడి ఆగిందన్న కోపం ఆ మాటలో ఉంది.

విస్తరణ అవసరమే. రెండు వరసల రోడ్డు మీద ఎదురెదురుగా వచ్చే బండ్ల మధ్య ఒక తెల్లగీత తప్ప అడ్డేమీ ఉండదు. డివైడర్ కడితే మీర్జాగూడలో జరిగినలాంటివి చాలావరకు ఆగుతాయి. ఆలూరు సంగతి అలా కాదు. రోడ్డు వెడల్పయితే లారీ ఇంకా జోరుగా వస్తుంది, దాటే మనిషి నడవాల్సిన దూరం రెట్టింపవుతుంది, కూరగాయల గంపలు మళ్ళీ ఆ కొత్త రోడ్డు అంచుకే చేరతాయి. బండీ బండీ ఢీకొనడం ఒక జబ్బు, ఊరి మనిషిని బండి కొట్టడం ఇంకో జబ్బు. మొదటిదానికి వేసే మందు రెండోదాన్ని ముదరబెట్టే ప్రమాదం కూడా ఉంది. ఈ రెండో జబ్బుకు విజ్ఞానశాస్త్రం దగ్గర మందు ఉంది. అది ఖరీదైనదీ కాదు.

ఒకే తారు, రెండు పనులు

రోడ్డు రెండు రకాల పనులు చేస్తుంది. దూరం నుంచి దూరానికి సరుకునూ మనుషులనూ చేరవెయ్యడం ఒకటి. ఇళ్ళకూ బడికీ అంగడికీ దారి ఇవ్వడం, మనుషులు నిలబడి మాట్లాడుకోవడానికి చోటివ్వడం రెండోది. మొదటి పనికి వేగం కావాలి, రెండోదానికి నెమ్మది కావాలి. ఒక రోడ్డుకు ఒకే పని అప్పగించాలని నెదర్లాండ్స్ ఇంజనీర్లు 1990లలో సూత్రం పెట్టుకుని, దేశంలోని దారులన్నిటినీ ఆ ప్రకారం వేరుచేసుకుంటూ వచ్చారు. మన దగ్గర క్వారీ నుంచో రేవు నుంచో సిమెంటు ఫ్యాక్టరీ నుంచో బయల్దేరిన లారీ, ఊరు రాగానే అదే తారు మీద బడిపిల్లల నడుమ నుంచి పోవాలి. ఊరి పొలిమేర దాటి లోపలికి వచ్చినట్టు డ్రైవర్‌కు రోడ్డు ఎక్కడా చెప్పదు. వెడల్పు అదే, నున్నదనం అదే, మధ్యగీత అదే.

దీని ఫలితం లెక్కల్లో కనిపిస్తుంది. కేంద్ర రహదారి రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్ళలో 32,825 మంది నడిచిపోతున్నవాళ్ళు. అంటే రోజుకు దాదాపు 90 మంది. మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారుల వాటా నూటికి రెండు పైచిలుకే అయినా, మరణాల్లో మూడో వంతుకు పైగా వాటి మీదే. మొత్తం చావుల్లో మూడింట రెండు వంతులు గ్రామీణ ప్రాంతాల్లోనే జరుగుతున్నాయి.

ముప్పై మీటర్ల లెక్క

ఒక పిల్లవాడు బంతి కోసం రోడ్డు మీదికి వచ్చాడనుకుందాం. లారీ ముప్పై మీటర్ల దూరంలో ఉంది. ఏమవుతుందన్నది డ్రైవర్ మంచితనం కన్నా, ఆ క్షణంలో మీటరు ముల్లు ఎక్కడుందన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

బండి ఆగడానికి పట్టే దూరంలో రెండు ముక్కలున్నాయి. పిల్లవాణ్ణి చూసి, ప్రమాదమని గ్రహించి, కాలు బ్రేకు మీదికి చేరేలోపు బండి పాత వేగంతోనే పోతుంది. మన దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ దీనికి 2.5 సెకన్లు లెక్కగడుతుంది. బ్రేకు పడ్డాక ఆగేదాకా పోయేది రెండో ముక్క. రెండూ కలిపి ఆ సంస్థ ఇచ్చే దూరాలు ఇవి: గంటకు 30 కిలోమీటర్ల వేగానికి 30 మీటర్లు, 50కి 60 మీటర్లు, 80కి 120 మీటర్లు.

అంటే 30లో వస్తున్న లారీ పిల్లవాడికి ఎదురుగా వచ్చి ఆగుతుంది. 50లో వస్తున్నది సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది, 2.5 సెకన్లలో 35 మీటర్లు దాటేస్తుంది. పిల్లవాణ్ణి తాకేటప్పటికి డ్రైవర్ కాలు ఇంకా బ్రేకు మీద పడలేదు. ఈ రెండు లారీల వేగంలో తేడా 20 కిలోమీటర్లే, కానీ ఒకటి ఆగిపోయింది, రెండోది పూర్తి వేగంతో ఢీకొట్టింది. బయటినుంచి చూసేవాళ్ళు మాత్రం రెండోదాని గురించి ‘బ్రేకు కూడా వెయ్యలేదు’ అంటారు.

ఇక తగిలే దెబ్బ. గతిశక్తి వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది: వేగం రెట్టింపయితే శక్తి నాలుగింతలు. ఒంటికి తగిలే దెబ్బ ఎంతో ఊహకు అందాలంటే ఎత్తు నుంచి పడడంతో పోల్చవచ్చు. 30 కిలోమీటర్ల వేగంతో తగిలే దెబ్బ మూడున్నర మీటర్ల ఎత్తు నుంచి, అంటే ఒక అంతస్తు డాబా మీది నుంచి, పడ్డప్పుడు నేలను తాకే వేగంతో సమానం. 60 అయితే 14 మీటర్లు. 80 అయితే 25 మీటర్లు, ఎనిమిది అంతస్తులు.

స్వీడన్‌కు చెందిన యోరాన్ నిల్సన్ అనే పరిశోధకుడు ఎన్నో రోడ్ల మీద వేగపరిమితులు మారినప్పుడు ఏం జరిగిందో గమనించి ఒక సూత్రం కట్టాడు. రోడ్డు మీద సగటు వేగం మారితే మరణాలు దాని నాలుగో ఘాతం చొప్పున మారతాయి. సగటు వేగం పది శాతం తగ్గితే మరణాలు దాదాపు మూడో వంతు తగ్గుతాయన్నమాట. అంత చిన్న మార్పుకు అంత పెద్ద ఫలితం ఇచ్చే పనులు రోడ్డు భద్రతలో తక్కువే. 2020లో స్టాక్‌హోమ్‌లో జరిగిన అంతర్జాతీయ మంత్రుల సదస్సు, నడిచేవాళ్ళూ బండ్లూ కలిసి తిరిగే చోట గంటకు 30 కిలోమీటర్లు మించకూడదని చెప్పింది ఇలాంటి లెక్కల మీద నిలబడే.

దాటేవాళ్ళ కన్ను చేసే మోసం

రెండు వరసల రోడ్డు వెడల్పు సుమారు ఏడు మీటర్లు. మామూలు మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడన్నది ఇంజనీర్లు వాడే అంకె. దాటడానికి ఆరు సెకన్లు పడుతుంది. మోకాళ్ళ నొప్పులతో పాలక్యాను పట్టుకుని నడిచే ముసలామెకు తొమ్మిది సెకన్లు పట్టవచ్చు. ఆ తొమ్మిది సెకన్లలో 80లో వచ్చే లారీ 200 మీటర్లు వచ్చేస్తుంది. అంటే ఆమె అడుగు వేసేముందు 200 మీటర్ల అవతల ఉన్న లారీ దూరాన్నీ వేగాన్నీ సరిగ్గా అంచనా వెయ్యాలి. అది ఆమె కంటికి సాధ్యమయ్యే పనేనా?

మనకు ఎదురుగా వచ్చే వస్తువు పక్కకు కదలదు, పెద్దదవుతుంది. దాని వేగాన్ని మెదడు ఆ పెరుగుదలను బట్టే పసిగడుతుంది. చిక్కేమిటంటే, ఈ పెరుగుదల దూరం వర్గానికి విలోమంగా ఉంటుంది. 200 మీటర్ల దూరంలో ఉన్న రెండున్నర మీటర్ల వెడల్పు లారీ కంటికి ఒక డిగ్రీ కోణం కూడా చెయ్యదు, అది పెరగడమూ దాదాపు కనిపించదు. వంద మీటర్లకు వచ్చేసరికి పెరిగే వేగం నాలుగింతలవుతుంది, యాభైకి పదహారింతలు. ‘అంత దూరాన ఉంది కదా అనుకున్నా, ఒక్కసారిగా మీదికొచ్చేసింది’ అని బతికి బయటపడ్డవాళ్ళు చెప్పే మాట అబద్ధం కాదు. కంటికి అది నిజంగానే అలా కనిపిస్తుంది.

పిల్లల విషయంలో ఇది ఇంకా కష్టం. లండన్ విశ్వవిద్యాలయంలోని రాయల్ హాలోవే పరిశోధకులు ప్రాథమిక పాఠశాల పిల్లల చూపును పరీక్షించి, గంటకు సుమారు 32 కిలోమీటర్లు దాటిన వేగంతో వచ్చే బండి దగ్గరపడుతోందన్న సంగతిని వాళ్ళు నమ్మకంగా పట్టుకోలేరని తేల్చారు. ‘రెండు వైపులా చూసి దాటు నాన్నా’ అని ఎన్నిసార్లు చెప్పినా ఆ పిల్లవాడు చూస్తాడు, చూసినా తెలియదు. పిల్లల తప్పుగా కనిపించేది నిజానికి వయసు పెట్టిన హద్దు.

పెద్ద బండ్ల దగ్గర మరో ఇబ్బంది ఉంది. పెద్ద వస్తువు ఉన్న వేగం కన్నా నెమ్మదిగా కదులుతున్నట్టు కనిపిస్తుందనీ, రైలు గేట్ల దగ్గర ప్రమాదాలకు ఇదొక కారణమనీ అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త హెర్షెల్ లైబోవిట్జ్ 1985లో ప్రతిపాదించాడు. లారీని చూసేది కూడా ఆ కళ్ళే.

కేబిన్‌లోంచి కనిపించనిది

ఇప్పుడు డ్రైవర్ సీట్లో కూర్చుని చూద్దాం. పది టైర్ల లారీ కేబిన్‌లో కళ్ళు నేల నుంచి రెండు మీటర్లకు పైగా ఎత్తులో ఉంటాయి. దూరం బాగా కనిపిస్తుంది, కాళ్ళ ముందున్నది కనిపించదు. బంపర్‌కు ఆనుకుని నిలబడ్డ పిల్లవాడు డ్రైవర్‌కు లేనట్టే. మన స్టీరింగ్ కుడివైపు ఉంటుంది కాబట్టి ఎడమ పక్క ఇంకా పెద్ద గుడ్డి జాగా. సైకిళ్ళూ నడిచేవాళ్ళూ ఉండేది సరిగ్గా అటే. క్లీనర్ ఉన్న రోజుల్లో ఆ పక్క చూపు అతనిది, డోరు మీద అరచేత్తో కొట్టి చెప్పేవాడు. క్లీనర్ లేకుండా నడిచే లారీలు పెరిగాక ఆ పని అద్దాల మీద పడింది.

లారీ ఎడమకు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెళ్ళిన దారిలో వెనక చక్రాలు రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. బండి పొడవు పెరిగేకొద్దీ ఈ కోత పెరుగుతుంది. మలుపు దగ్గర రోడ్డు అంచున నిలబడి ‘ముందుభాగం పోయింది కదా’ అనుకున్నవాళ్ళు వెనక చక్రాల కిందికి వచ్చేది ఇందుకే. ఊళ్ళో పిల్లలకూ స్కూటీల మీద తిరిగేవాళ్ళకూ నేర్పాల్సిన ఒక్క సూత్రం: అద్దంలో డ్రైవర్ ముఖం మనకు కనిపించకపోతే మనం అతనికి కనిపించం.

బ్రేకుల్లోనూ తేడా ఉంది. కారు బ్రేకు నూనె ఒత్తిడితో పనిచేస్తుంది, తొక్కగానే పట్టుకుంటుంది. లారీలో గాలి బ్రేకులు. పెడల్ తొక్కాక ఒత్తిడి గాలి గొట్టాల గుండా వెళ్ళి చక్రాల దగ్గర బ్రేకును పట్టించడానికి అర సెకను దాకా పట్టవచ్చు. 80 వేగంలో అర సెకనంటే 11 మీటర్లు. దిగుడు దారిలో అదే పనిగా బ్రేకు తొక్కితే డ్రమ్ములు వేడెక్కి పట్టు సడలుతుంది. అందుకే అనుభవమున్న డ్రైవర్లు ఘాటు దిగేటప్పుడు చిన్న గేరులో దిగుతారు.

బోర్డు చెబితే వినరు, రోడ్డు చెబితే వింటారు

‘పాఠశాల ఉన్నది, నెమ్మదిగా పొమ్ము’ అన్న బోర్డు లేని ఊరు ఉండదు. ఆ బోర్డు చూసి నెమ్మదించే లారీలు తక్కువే. డ్రైవర్లు చెడ్డవాళ్ళనే మాట దీన్ని వివరించదు. మనిషి వేగాన్ని ఎంచుకునేది చుట్టూ కనిపించేదాన్ని బట్టి. రోడ్డు వెడల్పుగా, నేరుగా, నున్నగా ఉంటే కాలు తనంతట తాను నొక్కుతుంది. ఇరుకుగా, వంపుగా, పక్కన ఏదో నిలబడి ఉంటే తనంతట తాను సడలుతుంది. కాబట్టి ఊరి ముక్కను చూడగానే ‘ఇది వేరే రోడ్డు’ అనిపించేలా కట్టాలి.

డెన్మార్క్ ఈ పనిని 1980లలో విండెరప్, స్కేర్‌బెక్, ఉగెర్లోస్ అనే మూడు ఊళ్ళలో ప్రయోగంగా చేసింది. మూడూ పెద్ద రోడ్డు మధ్యనుంచి పోయే చిన్న ఊళ్ళే. ఊరి మొదట్లో ద్వారంలాంటి ఏర్పాటు, రోడ్డు ఇరుకు చెయ్యడం, మధ్యలో దిమ్మెలు, నేల రంగూ రాయీ మార్చడం, చెట్లు నాటడం చేశారు. రోడ్డును మూసెయ్యలేదు, లారీలను మళ్ళించలేదు. ఊళ్ళో వేగాలు తగ్గాయి. ఆ పద్ధతులు తర్వాత చాలా దేశాల ప్రమాణాల్లోకి ఎక్కాయి.

మన ఊరికి అన్వయిస్తే వరస ఇలా ఉంటుంది. ఊరు రావడానికి రెండు మూడు వందల మీటర్ల ముందే రోడ్డుకు అడ్డంగా దగ్గరదగ్గరగా మందపాటి తెల్ల పట్టీలు వేస్తారు. అవి చక్రాల కింద గరగరమని డ్రైవర్‌ను మేల్కొలుపుతాయి. ఊరి మొదట్లో రెండు పక్కలా నిలువు స్తంభాలూ ఊరి పేరూ 30 అంకె ఉన్న పెద్ద బోర్డులూ, మధ్యలో చిన్న దిమ్మె. ఆ దిమ్మె చుట్టూ కాస్త వంగి పోవాల్సి రావడంతోనే నేరు వేగం విరుగుతుంది. లోపల ఒక్కో వరస మూడున్నర మీటర్ల నుంచి మూడు దగ్గరికి తగ్గించి, మిగిలిన జాగాను ఎత్తు గట్టున్న కాలిబాటకు ఇవ్వాలి. కాలిబాట కనీసం 1.8 మీటర్లు ఉండాలన్నది మన ప్రమాణమే.

స్పీడ్ బ్రేకర్ సంగతేమిటి? ప్రమాదం జరిగిన మర్నాడు ఊరివాళ్ళు తట్టలతో సిమెంటు పోసి కట్టే మిట్టలు సన్నగా, ఎత్తుగా ఉంటాయి. రాత్రిపూట స్కూటర్ మీద వచ్చేవాడు దాని మీదే పడతాడు, అంబులెన్స్‌లో రోగి నలిగిపోతాడు, లారీ దడదడలకు పక్కింటి గోడలు అదురుతాయి. జాతీయ రహదారుల మీదనయితే స్పీడ్ బ్రేకర్లు వెయ్యకూడదన్నది కేంద్రం విధానం. మిగతా రోడ్ల మీద వెయ్యదగ్గ చోట కూడా కొలత ఉంది: రోడ్డు పొడవు దిశలో 3.7 మీటర్లు, నడిమిన 10 సెంటీమీటర్ల ఎత్తు, దాని వంపు 17 మీటర్ల వ్యాసార్ధపు వృత్తంలో ముక్క. దాన్ని 25 వేగంతో దాటితే కుదుపు తెలియదు, 50తో దాటితే తెలుస్తుంది. ముందు హెచ్చరిక బోర్డూ పైన మెరిసే రంగూ లేకపోతే సరైన కొలతలో ఉన్నదీ ప్రమాదమే.

దాటే చోటు, ఆగే చోటు, అమ్మే చోటు

జనం దాటే చోటును ఇంజనీరు ఎంపిక చెయ్యలేడు, జనం అప్పటికే ఎంచుకుని ఉంటారు. బడి గేటుకూ స్టేజీకీ మధ్య, గుడికీ హోటల్‌కూ మధ్య అరిగిన మట్టి దారి ఎక్కడుందో అక్కడే జీబ్రా లైన్లు పడాలి. వంద మీటర్ల అవతల మెట్లవంతెన కడితే, ఎక్కి దిగే శ్రమకు వెరచి జనం కిందనుంచే దాటతారు. దాటే దారిని రోడ్డు మట్టం నుంచి కాస్త ఎత్తున బల్లపరుపుగా కడితే లారీ ఎక్కి దిగాల్సి వస్తుంది, మనిషి సమానంగా నడుస్తాడు.

అన్నిటికన్నా చవకగా ఎక్కువ ఫలితమిచ్చేది మధ్యలో ఆగే దిమ్మె. ఇందాకటి ముసలామె లెక్క మళ్ళీ చూద్దాం. మధ్యలో నిలబడే చోటుంటే ఆమె ఒక్కసారికి మూడున్నర మీటర్లే దాటాలి, నాలుగున్నర సెకన్లు చాలు, ఒక్క వైపే చూసుకోవాలి. లారీలు 30లో వస్తే ఆ వ్యవధిలో అవి వచ్చే దూరం 40 మీటర్లలోపే. 200 మీటర్ల అవతలి లారీని అంచనా వెయ్యమని ఆమె కంటిని అడిగే పనే లేదు. నాలుగు వరసల రోడ్డు వేసి దిమ్మె కట్టకపోతే ఇదే లెక్క తిరగబడుతుంది.

బస్సు ఆగే చోటు ఇంకో మెలిక. దిగినవాళ్ళు బస్సు ముందునుంచి దాటబోతారు. బస్సును ఓవర్‌టేక్ చేసే లారీకి వాళ్ళు చివరి క్షణందాకా కనిపించరు. స్టేజీని జీబ్రా దాటాక పెడితే దిగినవాళ్ళు బస్సు వెనకనుంచి దాటతారు, వచ్చే బండి వాళ్ళకూ, వాళ్ళు దానికీ కనిపిస్తారు. స్టేజీని ముప్పై నలభై మీటర్లు జరపడానికి అయ్యే ఖర్చు ఒక షెడ్డు కట్టే ఖర్చుకు మించదు.

అమ్మకాల సంగతికొస్తే, ఆలూరులాంటి చోట్ల కూరగాయలు రోడ్డు అంచుకే ఎందుకు వస్తాయో తెలిసిందే. కారులో పోయేవాళ్ళు దిగకుండా కొనాలి. ‘ఖాళీ చెయ్యండి’ అని తరిమితే వారంలో మళ్ళీ వస్తారు, రాక తప్పదు. రోడ్డు నుంచి పది పదిహేను మీటర్లు లోపలికి, కార్లు ఆగేలా ఒక పక్కబాట వేసి, రోడ్డుకూ దానికీ మధ్య ఇనుప క్రాష్ బ్యారియర్ కడితే అమ్మకమూ ఆగదు, అదుపు తప్పిన లారీకీ గంపలకూ మధ్య ఒక అడ్డమూ ఉంటుంది.

చీకటి పడ్డాక

హెడ్‌లైట్లు డిప్ చేసినప్పుడు ముదురు రంగు బట్టలేసుకున్న మనిషి డ్రైవర్‌కు కనిపించేది మహా అయితే యాభై మీటర్లలో. 80 వేగంలో ఆగడానికి కావాల్సింది 120. మిగతా 70 మీటర్లు గుడ్డిగా పోతున్నట్టే. నడిచే మనిషికేమో ఆ లైటు కళ్ళల్లో పడుతుంది కాబట్టి ‘నన్ను చూసే ఉంటాడు’ అనుకుంటాడు. పాలు పోయడానికి తెల్లవారుజామున బయల్దేరేవాళ్ళు ఒక రిఫ్లెక్టర్ పట్టీ కట్టుకుంటే ఈ దూరం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ పట్టీలో ఉండే సన్నని గాజు పూసలు వచ్చిన వెలుగును చెదరగొట్టకుండా వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతాయి. రోడ్డు మీది తెల్లగీతల్లో కలిపేవీ అవే. కాలిబాట లేని చోట బండ్లకు ఎదురుగా, అంటే రోడ్డుకు కుడి పక్కన, నడవాలి.

వీధి దీపం జీబ్రా నెత్తిమీద పెడితే మనిషి తల వెలుగుతుంది, డ్రైవర్‌కు కనిపించే వైపు చీకటిగానే ఉంటుంది. దీపం బండి వచ్చే వైపు కాస్త ముందు ఉండాలి.

లైట్లు లేకుండా రోడ్డు పక్కన నిలిపిన లారీ మరో గండం. బండి చెడిపోతే చుట్టూ రాళ్ళు పేర్చి, వెనకాల ఒక చెట్టుకొమ్మ కడతారు. బాగుచేసుకుని వెళ్ళేటప్పుడు రాళ్ళను అక్కడే వదిలేస్తారు. ఆ రాత్రి ఆ రాళ్ళ మీదికి మొదట వచ్చేది మోటార్ సైకిలే.

లోడు లెక్క

నాలుగో ఘాతం ఇంకోచోట కూడా ఎదురవుతుంది. 1958–60 మధ్య అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ప్రత్యేకంగా కట్టిన రోడ్ల మీద లారీలను తిప్పితిప్పి, రోడ్డు దెబ్బతినడం ఒక్కో ఇరుసు మీద పడే బరువు నాలుగో ఘాతం చొప్పున ఉంటుందని తేల్చారు. ఇరుసు మీద ఇరవై శాతం అదనంగా మోస్తే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపవుతుంది. 2018 నుంచి మన దేశంలో నాలుగు టైర్ల ఇరుసుకు పరిమితి 11.5 టన్నులు, పది టైర్ల లారీకి మొత్తం 28.5 టన్నులు. దాన్ని మించితే 20,000 రూపాయల జరిమానా, ప్రతి అదనపు టన్నుకూ మరో 2,000, పైగా అదనపు సరుకు దించేదాకా బండి కదలకూడదు.

ఓవర్‌లోడ్ లారీ ఊరిని రెండు విధాల దెబ్బతీస్తుంది. ఆగడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి బరువుతోపాటు పెరుగుతుంది. అది తవ్వే గుంటలను తప్పించబోయి వెనకొచ్చే బండ్లు ఎదురు వరసలోకో మనుషుల మీదికో మళ్ళుతాయి. ట్రిప్పు లెక్కన డబ్బులు వచ్చేచోట డ్రైవర్ మీద వేగమూ బరువూ రెండు ఒత్తిళ్ళూ ఉంటాయి. కాబట్టి ఊరి ముందు లారీని ఆపడం కన్నా క్వారీ గేటు దగ్గర వేబ్రిడ్జి చీటీ చూడడం ఎక్కువ పని చేస్తుంది. బడి మొదలయ్యే, వదిలే వేళల్లో టిప్పర్లు తిరగకుండా క్వారీలతో ఒప్పందం చేసుకోవచ్చు.

బైపాస్ వేస్తే తీరిపోతుందా

లారీలను ఊరి బయటికి పంపడం అన్నిటికన్నా మంచి విరుగుడే, సరిగా వేస్తే. మహబూబ్‌నగర్ ప్రాంతంలో పెద్దకుంట తండాకు జరిగింది గుర్తుంచుకోవాలి. జాతీయ రహదారి 44 బైపాస్ ఆ తండాను పనులకూ కార్యాలయాలకూ వెళ్ళే దారి నుంచి విడగొట్టింది. అవతలికి పోవడానికి జోరుగా వచ్చే బండ్ల నడుమ నుంచి దాటడం తప్ప గత్యంతరం లేక మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. వితంతువుల ఊరని దానికి పేరు పడింది. బైపాస్ గీసేటప్పుడే ఏ పొలాలకు, ఏ గూడేలకు అది అడ్డం పడుతుందో చూసి కింది దారులు కట్టాలి. వేశాక దాని పక్కన దాబాలూ ప్లాట్లూ వెలవకుండా చూడాలి, లేకపోతే పదేళ్ళలో బైపాసే కొత్త ఊరి వీధి అవుతుంది.

ఊరు తనకు తాను కొలుచుకోవడం

ప్రభుత్వం మరమ్మతుకు ఎంచుకునే ‘బ్లాక్ స్పాట్’కు నిర్వచనం ఉంది: అర కిలోమీటరు లోపల మూడేళ్ళలో చావో తీవ్ర గాయాలో అయిన ప్రమాదాలు అయిదు జరగాలి, లేదా పదిమంది చనిపోవాలి. పెద్ద రోడ్డు మీది చిన్న ఊరు ఈ లెక్కకు అందకుండానే ఏళ్ళ తరబడి ఒక్కొక్కరినీ పోగొట్టుకుంటుంది. చావులు లెక్కకు వచ్చేదాకా ఆగకుండా, తృటిలో తప్పినవాటిని లెక్కపెట్టే పద్ధతిని స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం రూపొందించింది. సడన్ బ్రేకులు, పక్కకు కోసిన స్టీరింగులు, పరుగెత్తి తప్పించుకున్న మనుషులు ఒక చోట ఎక్కువగా ఉంటే ప్రమాదం అక్కడే పొంచి ఉందని అర్థం.

ఇది చెయ్యడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. బడి ముందు రోడ్డు అంచున, వాహనాలకు దూరంగా ఉండి, 50 మీటర్ల దూరానికి సున్నంతో రెండు గుర్తులు పెట్టాలి. లారీ మొదటి గుర్తు దాటినప్పుడు ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కి, రెండోది దాటినప్పుడు ఆపాలి. 180ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకు కిలోమీటర్లలో వేగం వస్తుంది. ఆరు సెకన్లు పడితే 30, మూడు పడితే 60. నూరు బండ్లు కొలిచి, వేగాలను చిన్నదాన్నుంచి పెద్దదానికి రాసుకుని, 85వ అంకె చూడాలి. రోడ్డు ఇంజనీర్లు పట్టించుకునే అంకె అదే. ఇంటర్ చదివే పిల్లలు దీన్ని ఒక పూటలో చెయ్యగలరు. దానికి తోడు ఎక్కడెక్కడ ఎంతమంది దాటుతున్నారో, ఏ వేళల్లో లారీలు ఎక్కువో ఒక కాగితం మీద గీసుకోవాలి.

ఈ కాగితంతో గ్రామసభ తీర్మానం చేసి జిల్లా రోడ్డు భద్రత కమిటీకి పంపవచ్చు. దానికి అధ్యక్షుడు కలెక్టరు. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక ముక్క రోడ్డుకు ప్రత్యేకంగా వేగపరిమితి పెట్టే అధికారం రాష్ట్రానికి ఉంది. 2019 సవరణ తెచ్చిన 198ఏ సెక్షన్, రోడ్డు డిజైన్‌లోనో కట్టడంలోనో నిర్వహణలోనో ప్రమాణాలు పాటించనందువల్ల మరణం సంభవిస్తే బాధ్యుల మీద లక్ష రూపాయల దాకా జరిమానా వెయ్యవచ్చంటుంది. అదే సవరణలోని 134ఏ, గాయపడ్డవాళ్ళను ఆసుపత్రికి చేర్చినవాళ్ళకు కేసుల బెడద లేకుండా రక్షణ ఇస్తుంది. 2025 మే నుంచి బాధితులకు మొదటి ఏడు రోజుల్లో లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం అందే పథకమూ ఉంది. ప్రమాదం జరిగితే సాయానికి ఫోన్ చెయ్యాల్సిన నంబరు జాతీయ రహదారి మీదయితే 1033, ఎక్కడైనా 108.

దిమ్మె కట్టాక, పట్టీలు వేశాక అదే చోట, అదే సున్నపు గుర్తుల మధ్య మళ్ళీ నూరు బండ్లు కొలవాలి. వేగం తగ్గకపోతే కట్టింది పనిచెయ్యలేదని తేలుతుంది, మార్చమని అడగవచ్చు. తగ్గితే ఆ రెండు కాగితాలూ పక్క ఊరికి ఇవ్వవచ్చు. ‘ఏదో ఒకటి చెయ్యండి సారూ’ అని దండం పెట్టిన ఊరికి ఒక బోర్డు వస్తుంది. ‘మా బడి ముందు నూరింట ఎనభై అయిదో లారీ వేగం ఇంత, అది ముప్పైకి రావాలి’ అని అంకెతో వచ్చిన ఊరిని బోర్డుతో పంపెయ్యడం కష్టం.